ఇరుసు పెరగలేదు

మంజీర వెనక్కి తన్నిన ఏడు జరిగింది ఇది. గోదావరి నిండుగా పారుతూ, కందకుర్తి దగ్గర మంజీరను తనలోకి రానియ్యలేదు. పోవడానికి తోవ లేక ఆ నీళ్లు మళ్లీ మా పొలాల మీదికే వచ్చాయి. సోయా అంతా కుళ్లింది. చెరుకు మాత్రం నీళ్లలో నిలబడింది. ఊళ్లోవాళ్లు దాన్ని వరద ఏడు అంటారు. మా ఇంట్లో టైర్ల ఏడు అంటారు.

చెరుకు బండ్లు బోధన్‌కు వరసగా పోయే కాలం పోయింది. అక్కడి ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది వరికి మళ్లారు. నేను మళ్లలేదు. నిజామాబాద్‌లో రసం తీసేవాళ్లకు అమ్ముతాను. కోసిన చెరుకు ఆగదు. ఎండితే రసం రాదు, ఎవడూ ముట్టడు. అందుకే నా కొడుకు భానుప్రసాద్ పికప్ కొన్నాడు. నడిపేది వాడు. పక్కన కూర్చునేది నేను.

నా పొలం ఏటి దిక్కు. రోడ్డు దిక్కున్నది మా అన్న లింబయ్య పొలం. రోడ్డెక్కాలంటే నేను వాని పొలం నడుమ నుంచే రావాలి. మా బాపు బతికుండగానే మాకు పంచి ఇచ్చాడు. ఎడ్లబండిని తెచ్చి బాట మొదట నిలబెట్టి, ఇరుసు కొనలకు అటు బెత్తెడు ఇటు బెత్తెడు వదిలి, రెండు పక్కలా రాళ్లు పాతించాడు. నడుము ఎత్తు రాళ్లు. నలుగురి ముందర చెప్పాడు.

"బండి పోయేటంత బాట చిన్నోనిది. చిన్నోడు రాయి కదిలిస్తే బాట పాయె. పెద్దోడు కదిలిస్తే ఇంకో బండి జాగ ఇయ్యాలె. ఇగ పోండ్రి."

చిన్నోణ్ని నేను. పేరు బాలన్న. నాకూ లింబయ్యకూ మాటలు బందయి చాలా ఏండ్లయింది. నీళ్ల మోటారు కాడ మొదలైంది. ఆ సంగతి ఇక్కడ వద్దు.

వరద తీసింది. నేల ఆరనన్నా ఆరలేదు, లింబయ్య ఆ బాట మీద ట్రాక్టరు పెట్టి ఒండ్రుమట్టి తోలాడు. నల్లరేగడి వెన్నలాగా ఉంది. ట్రాక్టరు చక్రాలు లోతుగా దిగాయి. చలి పోయి ఎండ తగిలేసరికి ఆ గాడులు ఇటుకలాగా కాలి గట్టిపడ్డాయి. రెండు గాడుల నడుమ గడ్డ లేచి నిలబడింది. మా పికప్ లోపలికి పోతే దాని కడుపు ఆ గడ్డ మీద కూర్చునేది. చక్రాలు ఊరికే తిరిగేవి.

మాలో ఒక పద్ధతి ఉంది. గాడి చేసినవాడే గాడి పూడ్చాలి. భాను పోయి అడిగాడు.

"పెద్దబాపు, బాట జర సాపు చేపియ్యి. చెరుకు వెళ్లాలె."

"గాడి నేను చేసిన్నా? వరద చేసింది. పోయి మంజీరను అడుగు," అన్నాడట లింబయ్య. "మీ బాపును పార పట్టుకోని రమ్మను. చేతులకు గోరింటాకు పెట్టుకున్నడా?"

పార పడితే ఆ గాడి నాదని నేను ఒప్పుకున్నట్టే. పట్టకుండా ఊరుకుంటే బాట పోతుంది. ఒక్క పంట ఆ బాటన బయటికి రాలేదంటే చాలు, లింబయ్య దాన్ని దున్ని తనలో కలుపుకుంటాడు. అప్పటికే శనగ చాళ్లను రెండు పక్కలా బాట అంచు దాకా తెచ్చాడు. బాట పోతే నా పొలం ఏటిలో ఉన్నట్టే.

అందుకని టైర్లు మార్చాలనుకున్నాను. బండి ఎత్తు పెరిగితే గడ్డ తగలదు. పార ముట్టకుండానే చెరుకు బయటికి వస్తుంది. లింబయ్య కళ్ల ముందు నుంచే వస్తుంది.

శివరాత్రి దాటింది. ఒక పొద్దున కూలీలను కోతకు పెట్టి, నేనూ భానూ నిజామాబాద్ పోయాం. అర్సపల్లి దగ్గర టైర్ల దుకాణం. దాన్ని నడిపే జోసెఫ్‌ది బోధన్. మాటకారి.

"ఎత్తు కావాలె," అన్నాను.

"ఎంత?"

చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాను. జోసెఫ్ బండి చుట్టూ తిరిగి, కిందికి వంగి చూశాడు.

"గంత ఎత్తంటే పెద్ద టైర్లు ఎయ్యాలె, కమాన్ పట్టీల కింద ఇనుప దిమ్మెలు పెట్టాలె. గీ టైర్ నీ పాత డిస్కు మీద కూసోదు. డిస్కులు కూడ వెడల్పువి కావాలె. డీజిల్ మస్తు తాగుతది. స్టీరింగ్ బరువైతది. మలుపుకాడ మడ్‌గార్డుకు రాసుకుంటది, దాని అంచు కొట్టి మలవాలె. ఇవన్ని ముందే చెప్తున్న. మళ్ల నా గల్లా పట్టొద్దు."

"ఎయ్యి."

"పెద్దమనిషీ, టౌన్ల పోరగాళ్లు సోకుకు ఏపిచ్చుకుంటరు గివి. చెరుకు బండికి ఎందుకు?"

"నా బండి. ఎయ్యి."

"నీ బండే. నాదైతే నేను ఎయ్య," అన్నాడు జోసెఫ్.

భాను నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"బాపు, నడిమి గడ్డ నేను కొట్టేస్త. నువ్వు అటు రాకు. నువ్వు సూడకు. ఒక పూట పని."

"నువ్వు కొట్టినా నేను కొట్టినట్టే."

"పెద్దబాపు మీది కోపం తెచ్చి గీ టైర్ల మీద పెడ్తున్నవ్."

"పెడ్త."

వాడు పోయి బండి తాళం చెవి జోసెఫ్ చేతిలో విసిరినట్టు పెట్టాడు.

నేను ఒకటే అడిగాను జోసెఫ్‌ను. "ఇరుసు పెరుగుతదా?"

వాడు నవ్వాడు. "ఇరుసెందుకు పెరుగుతది తాతా? ఇరుసు గదే. చక్రాలే మారుతయి."

నాకు అది చాలు. మా దగ్గర బండి వెడల్పు అంటే ఇరుసే. బాటకు రాళ్లు పాతింది ఇరుసును చూసే. ఇరుసు పెరగకపోతే బండి పెరగనట్టే. ఆ తర్వాత జోసెఫ్ ఇంకేమో చెప్తున్నాడు. నేను పోయి అరుగు మీద కూర్చున్నాను.

జాకీ పెట్టి బండిని లేపారు. పాత చక్రాలు ఊడదీసి గోడకు ఆనించారు. వాటి ముందు కొత్తవి దున్నపోతుల్లాగా ఉన్నాయి. సుత్తితో మడ్‌గార్డు అంచును లోపలికి మలిచారు. ఒక్కొక్క దెబ్బకు భాను కళ్లు మూసుకున్నాడు. పాత చక్రాలను జోసెఫ్ ఉంచుకున్నాడు. పొద్దు గూకేలోపల ఇంకెవరి బండికో ఎక్కుతాయన్నాడు.

తిరిగి వస్తుంటే బోధన్ రోడ్డు మీద టైర్లు ఒకటే హోరు. సారంగాపూర్ దగ్గర ఎవడో బైకు మీది నుంచి ఈల వేశాడు.

"పెండ్లికొడుకును తీస్కపోతున్నట్టుంది," అన్నాడు భాను. నవ్వకుండా అన్నాడు.

మేం వచ్చేసరికి లింబయ్య బాట మొదట మంచం వేసుకుని ఉన్నాడు. శనగకు పిట్టల కాపలా అని పేరు. పిట్టలు అటు ఏటి దిక్కు వాలుతున్నాయి, వాడు మాత్రం రాళ్ల దగ్గరే ఉన్నాడు. మా బండిని చూసి లేచి నిలబడ్డాడు. లుంగీ ఎగ్గట్టాడు.

భాను బండిని రోడ్డు దించి నెమ్మదిగా రాళ్ల ముందుకు తెచ్చి ఆపాడు.

"బాపు, పట్టదు."

దిగి చూశాను. ఎడమ దిక్కు టైరు రాయికి ఆనింది. కుడి దిక్కు టైరు రాయి దాటి శనగలోకి ఉంది. బాడీ కన్నా చక్రాలు బయటికి పొడుచుకొచ్చాయి.

అప్పుడు తెలిసింది నాకు. ఎడ్లబండికి ఇరుసు చక్రంలోంచి బయటికి వస్తుంది. దాని కొనకు చీల పెడతారు. రాయికి తగిలితే ఇరుసు కొన తగలాలే కానీ చక్రం తగలదు. చక్రం ఎప్పుడూ లోపలే. పికప్‌కు అట్లా కాదు. ఇరుసు లోపల దాక్కుంటుంది, చక్రం బయట ఉంటుంది. నేను ఎడ్లబండిని కొలిచినట్టు కొలిచాను.

"టైర్ గంత బయటికి కనవడుతుంటె సూడలేదా బాపు?" అన్నాడు భాను. వానికి తెలియదు. ఎడ్లబండి తోలినవాడు కాదు.

లింబయ్యకు తెలిసింది. వచ్చి చక్రం ముందు వంగాడు. డిస్కును చూశాడు. వెనక చక్రం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. నాతో మాటలు లేవు కదా, రాయితో మాట్లాడతాడు వాడు. ఊళ్లో అందరికీ తెలిసిందే.

"ఓ రాయీ! ఇరుసు కొలిచిండు సూడే వీడు! మోటర్ బండికి ఇరుసు కొలిచిండు! దుకాణంల పోయి, ఇరుసు పెరుగుతదా నాయినా అని అడిగి ఉంటడు. కాదేమో అడుగు!"

నవ్వి నవ్వి దగ్గు వచ్చి మంచం పట్టె పట్టుకున్నాడు. ఊళ్లో ఇంకెవడూ ఆ తప్పును పట్టుకునేవాడు కాదు. పట్టుకున్నవాడు వీడు. ఒళ్లంతా కారం పూసినట్టయింది నాకు.

"పెద్దబాపు," అన్నాడు భాను, "చెరుకు కోసి ఉన్నది లోపల. గీ ఒక్కసారి శనగ మీదికెళ్లి పోనియ్యి. రెండు చాళ్లు. నేను కట్టిస్త."

"బిడ్డా, నీకు లేదనను. నీ పక్కపొంటి ఉన్నోనికి లేదంటున్న." లింబయ్య భానుతో మామూలుగానే మాట్లాడతాడు. "తాత ఏమన్నడు? బండి పోయేటంత బాట అన్నడు. గిది బండా? గిది రాచ్చసి."

"దీన్ని కూడ బండే అంటరు. నీ ట్రాక్టర్‌ను నువ్వు ఏమంటవ్? పొద్దున లేస్తే బండి తియ్యిరా అంటవ్ గద."

"నా పొలంల నేను విమానం తోల్త. వాని బాట సంగతి చెప్పు. బైకును బండంటరు, లారీని బండంటరు, రైలును బండంటరు. రేపు రైలు తెస్తడా గీ రాళ్ల నడిమికి? తెస్తడు. పట్టాలు ఎయ్యమంటడు నన్ను."

నేను రాయి దిక్కు చూసి అన్నాను. "రాయీ, గాడి ఎవడు చేసిండో గది కూడ చెప్పు."

"రాయీ, వరద పేరు చెప్పు!"

"వరదకు ట్రాక్టర్ టైర్ల అచ్చు ఉంటదా?"

"ఉంటది. నీ మొహం అచ్చు కూడ ఉంటది, ముంచితే!"

భానుకు విసుగు పుట్టింది. బండెక్కి తలుపు ధడేల్మని వేసుకున్నాడు. వెనక్కి తీశాడు. ముందుకు దూకించాడు. ఎడమ టైరు రాయిని ఒరుసుకుని రబ్బరు వాసన కొట్టింది. రాయి కొంచెం ఊగింది.

లింబయ్య అడ్డం రాలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"కొట్టు బిడ్డా, కొట్టు. మగోనివి. ఆపకు. ఇంకొక్కటి."

వాడు అట్లా అనకూడదు. రాయి పడితే వాడు మొత్తుకోవాలి. మరి మురిసిపోతున్నాడేంది? నేను రాయి మొదలు చూశాను. చుట్టూ మట్టి కొత్తగా ఉంది. ఎవడో గడ్డపారతో కదిపి, మళ్లీ కప్పి, పైన గడ్డి వేశాడు. ఆ గడ్డి కూడా పచ్చిగానే ఉంది. టైరు తగిలితే రాయి పడాలి. పడితే బాట పాయె. బాపు మాట, నలుగురి సాక్ష్యం. అందరి కళ్లముందు రాయిని పడగొట్టింది మా బండే అవుతుంది.

బానెట్ మీద రెండు చేతులతో కొట్టాను. "ఆపు!"

"ఇంకొక్కటి బాపు, పోతది!"

"పోయేది బాట. ఆపు. వెనక్కి తియ్యి."

భాను బండిని వెనక్కి తీసి రోడ్డు అంచున పెట్టాడు. లింబయ్య మొహం మాడిపోయింది. మంచం మీద కూలబడ్డాడు.

దాని మొదట్లో మట్టి వదులుగా ఉందని నేను అరవలేదు. అరిస్తే వరద వదులు చేసిందంటాడు. ఆ మట్టిని నేను కాలితో తొక్కి గట్టి చేద్దామన్నా, రాయి ముట్టుకున్నానంటాడు. రాయికి దూరంగా జరిగాను.

కోత కూలీలు లోపలి నుంచి వచ్చారు. చెరుకు కోయడం అయిపోయింది, మోపులు కట్టి పెట్టామన్నారు. రసం బండ్లవాళ్ల ఫోన్లు భానుకు రెండుసార్లు వచ్చాయి.

"శంకరమ్మ పొలం నుంచి పోదాం బాపు," అన్నాడు భాను. "ఆమె వద్దనదు. చుట్టూ తిరిగినా సరే, బండి పోతది."

శంకరమ్మది మా పక్క పొలం. మంచిదే ఆమె. మంచం మీది నుంచి లింబయ్య చెవి ఇటు పెట్టాడు.

"శంకరమ్మ పొలం నుంచి పోతే గీ బాట ఎందుకు నాకు?" అన్నాను.

"అంటే చెరుకు ఎండనిస్తవా?"

"ఎండనియ్య."

"మరి?"

నేను ఇంటికి నడిచాను. భాను వెనక నుంచి ఏమేమో అన్నాడు. చచ్చేదాకా ఇద్దరూ ఇట్లనే కొట్టుకోండ్రి, నడుమ నన్ను చంపుండ్రి అన్నాడు. అది నిజమే. తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున సూర్యుడు లేవకముందే పొలంలో ఉన్నాను. తువ్వాల చుట్ట చేసి నెత్తి మీద పెట్టుకున్నాను. మోపు ఎత్తమని కూలీలతో చెప్పాను. వాళ్లు మోపును ముందుకూ వెనక్కూ ఉండేటట్టు నిలువుగా పెట్టబోయారు. చెరుకు మోపును ఎవరైనా అట్లాగే మోస్తారు.

"అడ్డం పెట్టుండ్రి," అన్నాను.

"అడ్డం పెడితే బాట పట్టదు పటేలా. రెండు దిక్కుల శనగ మీదికి వస్తది."

"రానియ్యి."

అడ్డంగా పెట్టారు. చెరుకు నాకన్నా పొడుగు. ఆకు తీయని కొసలు అటు లింబయ్య శనగ మీద, ఇటు లింబయ్య శనగ మీద ఊగుతున్నాయి. కాళ్లు మాత్రం బాట నడుమనే. గాడిలో కాలు పెట్టకుండా ఆ గడ్డ మీదనే నడిచాను. ఇటుకలాగా గట్టిగా ఉంది, మోసింది. మెడ విరిగిపోతున్నది. నా వెనక కూలీలు కూడా అడ్డంగానే ఎత్తుకుని వరసగా వచ్చారు. వాళ్లకు నవ్వు ఆగడం లేదు.

లింబయ్య మంచం మీద ఉన్నాడు. వాని పెండ్లాం ఈరవ్వ చాయ్ తెచ్చి గ్లాసులో పోస్తున్నది. మమ్మల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రాయీ!" అని లేచాడు లింబయ్య. "బాట దాటి వస్తున్నరు! బండి పోయేటంత బాట వీనిది! గా చెరుకు ఎక్కడికి వచ్చింది సూడు!"

రోడ్డు మీద పికప్ దగ్గర నిలబడ్డ భాను అక్కడి నుంచే అరిచాడు. నిన్నటి నుంచి నాతో మాట్లాడనివాడు.

"చెరుకు నేల మీద లేదు పెద్దబాపు! తాత నేల పంచిండు గని గాలి పంచలే!"

ఈరవ్వ నవ్వింది. చాయ్ వొలికింది.

నేను రాళ్ల నడుమ నుంచి వచ్చాను. రాళ్లు నడుము ఎత్తు, మోపు నెత్తి ఎత్తు. రెండింటికీ తగలలేదు. కొంచెం ఎడమకు తిరిగాను. ఆకులు లింబయ్య మొహం మీది నుంచి పోయాయి. తలగుడ్డ కింద పడింది.

"ఒరే బాలిగా! నెత్తి తిప్పుకోరా! కండ్లు పోతయిరా నాయి!"

నన్నే అన్నాడు. రాయిని కాదు. మాటలు బందని వానికి గుర్తు లేదు. నేను ఆగలేదు. నెత్తి మీద మోపుంది.

పికప్ దగ్గరికి వచ్చి మోపు దించి, పైకి తోయబోయాను. అందలేదు. ఎప్పుడూ అందేది. జోసెఫ్ లేపిన ఎత్తు అది, నేను అడిగిన ఎత్తే. భాను పైన నిలబడి చెయ్యి చాపాడు, ఆ చెయ్యి కూడా అందలేదు.

"దిగుత ఉండు బాపు."

"నువ్వు ఆడనే ఉండు."

వెనక టైరు బాడీ దాటి బయటికి ఉంది. దాని మీద ఎడమ కాలు పెట్టాను. అరుగు మీద నిలబడ్డట్టు నిలబడింది కాలు. కూలీలు మోపు అందించారు. మోకాలితో ఆనించి పైకి తోశాను. భాను అందుకుని లాగాడు.

టైరు దిగాను. తువ్వాల దులిపి మళ్లీ చుట్ట చేసుకున్నాను. రెండో మోపు కోసం రాళ్ల నడుమ నుంచి లోపలికి పోయాను.